పొడుగు కుట్టు వైపు

గోడ గడియారం మూడు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది, మీటింగ్ నాలుగింటికి, ఈలోగా చెయ్యాల్సిన పని గట్టిగా రెండు నిమిషాలది కూడా కాదు, లేచి మెట్లెక్కి పై గది తలుపు తట్టి ఒక్క మాట చెబితే సరిపోతుంది, కానీ పెద్దక్క కోత గదిలో తన స్టూలు మీద నుంచి లేవలేదు. ఆమె ఎడమ అరచేతిలో అగ్గిపెట్టెలో సగం కూడా లేని మైనం బిళ్ళ ఉంది, దాని నడుమ గోరంత గడ్డ ముక్క, ఆ ముక్క అంచున సన్నగా సిరా గీత. నలుపు. మూడుసార్లు కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది, మూడుసార్లూ నలుపే. ఎదురుగా బల్ల మీద పిచ్చుక పొద్దున్న పెట్టి వెళ్ళిన కాగితం, దాని మీద రంగురంగుల కొమ్మలతో ఆ పిల్ల గీసిన చెట్టు, చెట్టు పక్కన, ఇక్కడ వైద్యం చేయించుకుంటున్న దర్జీ కుడి తొడలోంచి తీసిన కేన్సర్ గడ్డ బొమ్మ, ఆ బొమ్మలో మూడో నంబరు ముక్క నరం ఉన్న లోపలి వైపున. లోపలి అంచుకి పూసేది నీలం సిరా. నలుపు పూసేది బయటి అంచుకి. చేతిలో ఉన్నదేమో నల్లంచు మూడో ముక్క. అంటే చెట్టు సరే, చెట్టు నాటిన చోటు తప్పు. పిచ్చుక తప్పు చేసింది! ఆ మాట అనుకోగానే పెద్దక్కకి ఎండలో నడిచొచ్చి చన్నీళ్ళు తాగినంత హాయిగా అనిపించింది. చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ.

పిచ్చుక అని పేరు పెట్టింది పెద్దక్కే, రెండేళ్ళ కింద ఆ పిల్ల ల్యాబులో చేరిన రోజున. పిడికెడు మనిషి, నోరు మూతపడదు, నడవదు, గెంతుతుంది. వెక్కిరిద్దామని పెట్టిన పేరు అది. తీరా చూస్తే అందరూ ముద్దుగా పిలవడం మొదలెట్టారు, ఆ పిల్లా పలికేసింది, ఇప్పుడు ఫోన్లో కూడా పిచ్చుకని మాట్లాడుతున్నానండీ అంటుంది. తను విసిరిన రాయి వెళ్ళి దాని మెడలో దండై పడింది. ఇలాంటివి చూస్తే ఒళ్ళు మండదా మరి? ఇరవై రెండేళ్ళుగా తనని మాత్రం పెద్దక్క అనే పిలుస్తున్నారు, తన కంటే పెద్దవాళ్ళు కూడా, ఆ పిలుపులో గౌరవమే ఉంది గానీ బీరువాకిచ్చే గౌరవం, ఉన్నచోట ఉంటుంది, తలుపు తీస్తే కావల్సింది దొరుకుతుంది. ఒకప్పుడు ఇలా కాదు. ఒకప్పుడు గడ్డ వచ్చిందంటే ల్యాబు పెద్దాయన, అంత పెద్ద డాక్టరు, స్వయంగా ఈ మెట్లు దిగి వచ్చి, పెద్దక్కా, మీ వేళ్ళేమంటున్నాయి, అని అడిగేవాడు. ఆమె కోసిన ముక్కలు వేలితో తాకి చూపిస్తూ చెప్పేది, ఇక్కడ ఇసకలా గరగరలాడుతోంది సార్, ఇక్కడ మెత్తబడిపోయింది, ఈ మూల మాత్రం రబ్బరులా సాగుతోంది, ఇది వేరే రకం. ఆయన తలూపి రాసుకునేవాడు. ఇప్పుడు దిగి రావడం లేదు. ఇప్పుడు పైనే కూర్చుని, పిచ్చుక చెట్టు ఏమంటోంది, అంటున్నాడు. అదే గొంతు, అదే వంగి వినడం, చెవి మాత్రం మారింది.

పైన టకటకమని అడుగులు వినపడ్డాయి, అదే, గెంతుడు, కుర్చీలు సర్దుతున్నట్టుంది. మైనం కరిగే గిన్నె మూలన సన్నగా గుయ్‌మంటోంది. ముక్కలు పాడవకుండా పోసే ఫార్మలిన్ వాసన ఆమెకి ఏనాడో తెలియడం మానేసింది, కూతురికి మాత్రం తెలుస్తుంది, పదేళ్ళప్పుడు ఒకసారి ఈ గదికి తీసుకొస్తే ముక్కు మూసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ పిల్లే కాలేజీలో చేరాక ఈ ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు ల్యాబుకి వచ్చింది, పని నేర్చుకుంటానని. ఎవరి దగ్గర? పై అంతస్తులో, పిచ్చుక పక్కన కుర్చీ వేసుకుని. ఇక ఇంట్లో అన్నం దగ్గర కూర్చుంటే అక్క ఇలా అంది, అక్క అలా చేసింది, అక్క జడ ఇలా వేసుకుంటుంది, ఇదే భాగోతం. తల్లి ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఏమిటో ఆ పిల్లకి పిచ్చుక చెబితే తెలిసింది. చెప్పడమే కాదు, తిరిగొచ్చి తల్లికే పాఠం చెప్పింది, ముద్ద కలుపుతూ.

"క్లాసులో ఒకళ్ళ నోట్సు చూసి ఇంకొకళ్ళు రాసుకుంటారు కదమ్మా, కణాలు కూడా అంతేనట. మొదట రాసినవాడు ఒక తప్పు రాస్తే వాణ్ణి చూసి రాసిన అందరిలోనూ అదే తప్పు ఉంటుంది. తర్వాత వాడు సొంతంగా ఇంకో తప్పు చేస్తాడు. ఎవరిలో ఏ తప్పులున్నాయో చూస్తే ఎవరు ఎవర్ని చూసి రాశారో పట్టెయ్యొచ్చు. గడ్డంతా ఒకే రకం కాదమ్మా, లోపల ఎన్నో వంశాలు ఉంటాయి!"

నాకు తెలియదా, అనలేదు పెద్దక్క. గడ్డంతా ఒకటి కాదని ఆమె వేళ్ళకి ఏనాడో తెలుసు, ఇసక మూల, మెత్త మూల, రబ్బరు మూల, కాకపోతే వేళ్ళు చెప్పింది ఎవరూ కాగితం మీద చెట్టుగా గియ్యలేదు. కూతురి కళ్ళల్లో ఆ మెరుపు ఆమె ఎప్పుడూ చూడలేదు, తన వంక తిరిగినప్పుడు చూడలేదు. ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే చెయ్యి అదుపు తప్పి ఒక గ్లాసు పగిలింది. కూతురు పరిగెత్తుకొచ్చి ముక్కలు ఏరుతుంటే, వదిలెయ్ నేను ఏరుకుంటాను, అంది, అవసరమైన దాని కంటే గట్టిగానే.

మూడూ పదిహేను. సరే, ఇప్పుడు అసలు సంగతికి రా, అనుకుంది, తనని తనే కసురుకుంటూ. దర్జీ తొడలో గడ్డ తీసేశారు. తీసిన డాక్టరు అలవాటు ప్రకారం దానికి రెండు కుట్లు వేసి పంపాడు, పొట్టి కుట్టు పైవైపు, పొడుగు కుట్టు బయటి వైపు, ఒంట్లోంచి బయటికొచ్చేశాక గడ్డకి దిక్కులు తెలియవు కదా, ఆ దారాలే దానికి దిక్కులు. పెద్దక్క అంచులకి సిరాలు పూసింది, తొమ్మిది ముక్కలు చేసింది, ప్రతి ముక్కలో సగం మంచులా బిగిసేట్టు చల్లబరిచి గొట్టంలో పెట్టి పిచ్చుకకి పంపింది, మిగతా సగం మైనంలో పోసి తన బీరువాలో పెట్టుకుంది. ఈలోగా దర్జీ ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత కొత్తది కనపడింది, అదీ తీశారు. ఆ బఠాణీ గింజ ఎవరి వంశం అన్నదే ప్రశ్న. గడ్డలో ముప్పాతిక వంతు ఆక్రమించుకుని కూర్చున్న పెద్ద వంశం కాదట. మూడో ముక్కలో ఒక మూల నక్కిన, ఎవరూ లెక్కపెట్టని చిన్న గుంపు అట, అదే ఎగిరిపోయి అక్కడ గూడు కట్టింది. పిచ్చుక పట్టుకుంది దాన్ని. మూడో ముక్క అంచుకి దగ్గర్లో ఉంది కాబట్టి ఆ వంశంలో కొన్ని ఇంకా తొడలో మిగిలే ఉంటాయి, ఆ పక్కన మళ్ళీ కొయ్యాలి. ఏ పక్కన? అదే ఇవాళ నాలుగింటికి తేలేది. బయటి పక్కనైతే ఒట్టి కండ, వారంలో లేచి నడుస్తాడు. లోపలి పక్కనైతే నరం పోతుంది. ఇన్నాళ్ళూ పిచ్చుక చెట్లు నేర్చుకోవడానికే గీశారు, పదకొండు గీశారు, ఒక మనిషి ఒంట్లో కత్తి ఎక్కడ దిగాలో చెట్టుని అడగడం ఈ పన్నెండోదానితోనే మొదలు.

దర్జీ ఆ కాలితోనే మిషన్ తొక్కుతాడు. ఈ సంగతి కాగితాల్లో లేదు, ఆయనే చెప్పాడు, నెల కిందట చేతికర్ర పట్టుకుని రిపోర్టు గది ఎక్కడో తెలియక తిరిగి తిరిగి ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడు. కరెంటు మోటారు పెట్టించుకోవచ్చుగా అంటే, కాలుంటే గుడ్డ ఎక్కడ బిగుస్తోందో తెలుస్తుందమ్మా, మోటారుకేం తెలుస్తుంది, అన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చింది. తన వేళ్ళ సంగతి చెబుతున్నట్టే ఉంది. తర్వాత ఆయన నోట్లో పిన్నులున్నవాడిలా పెదాలు బిగించి ఆమె ఏప్రాన్ వంక అదోలా చూశాడు.

"నీది ఎడంచేతి వాటం కదా చెల్లెమ్మా."

ఆమె ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఎవరు చెప్పారు అంది. ఎవరు చెప్పాలి, ఎడమ చేతి కఫ్ అరిగి పీలికలైంది, కుడిది కొత్తగా ఉంది, అన్నాడు. కాలు బాగవగానే విప్పి తిప్పి కుట్టి ఇస్తాను, ఇంకో ఐదేళ్ళొస్తుంది, పారెయ్యకు, అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా పక్కపక్కన పనిచేసినవాళ్ళకి తెలియనిది ఆయనకి నిమిషంలో తెలిసింది. తెలియకపోవడంలో వింతేం లేదు, ఆమె రాసేది కుడిచేత్తో, తినేది కుడిచేత్తో, సంతకం కుడిచేత్తో. ఈ గదిలో తలుపు వేసుకున్నాక మాత్రం కత్తి ఎడమ చేతిలోకి వెళ్ళిపోతుంది, దానంతటది. కుడిచేతివాళ్ళు ఎడమ చేత్తో గడ్డని పట్టుకుని కుడి అంచు నుంచి కోసుకుంటూ పోతారు. ఆమె ఎడమ అంచు నుంచి మొదలుపెడుతుంది. ఒకటి, రెండు, మూడు ఎడమ పక్క వస్తాయి, కుడి తొడ గడ్డకి అది బయటి వైపు. దానివల్ల ఎన్నడూ ఏ ముప్పూ రాలేదు, ఎందుకంటే కోసిన వెంటనే పుస్తకంలో తన చేత్తో గడ్డ బొమ్మ గీసి ఏ నంబరు ఎక్కడుందో అక్కడ వేసేది. ఆరు నెలల కింద పిచ్చుక వచ్చి పుస్తకం ఎందుకక్కా అని అచ్చువేసిన ఫారాలు తెచ్చి పెట్టింది. బొమ్మ ముందే ఉంటుంది, నంబర్లు ముందే ఉంటాయి, కుడి నుంచి ఎడమకి, టిక్కులు పెట్టడమే పని. ఆ పిల్ల మధ్యాహ్నం షిఫ్టు ఆయన కోస్తుంటే చూసి ఆ ఫారం తయారుచేసింది. ఆయనది కుడిచెయ్యి.

మరి పెద్దక్క కోస్తుంటే ఎందుకు చూడలేదు? ఈ ప్రశ్న దగ్గర ఆమె మనసు కాలు జారినట్టయి పక్కకి తప్పుకుంది. నాలుగింటికి ఏం జరుగుతుందో ఊహించుకోవడం మొదలెట్టింది, అదే తియ్యగా ఉంది. దర్జీ కాలు పోగొట్టేటంత పాపిష్టిది కాదు తను, ఛ, చెప్పడం చెబుతుంది. కానీ ఇప్పుడే ఎందుకు? నాలుగింటికి అందరూ కూర్చోనీ. దర్జీకి ఆపరేషను చేసిన కోత డాక్టరు, పెద్దాయన, ఇంకో ఊరి నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లు. పిచ్చుక లేచి దాని పుల్లలాంటి చేతులు ఊపుతూ చెట్టు చూపించనీ. లోపలి వైపు కొయ్యాలండీ అననీ. అందరూ తలూపనీ. అప్పుడు తను వెనక వరసలోంచి నిదానంగా లేచి, ఒక్క మాట సార్, అని ఈ బిళ్ళ బల్ల మీద పెడితే! ఆ ఫారం తప్పండి, అంటే చాలు, ఇంకేం అనక్కర్లేదు, అందులో అబద్ధం కూడా లేదు. పిచ్చుక మొహంలో నెత్తురు దిగిపోతుంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెద్దక్కా, మీరు లేకపోతే, అని ఆగిపోతాడు. ఆ ఆగిపోవడాన్ని ఆమె నాలుగైదు రకాలుగా ఆపి చూసుకుంది. ఇంటికెళ్ళాక కూతురు, అమ్మా, నిజంగా నువ్వే పట్టుకున్నావా, అంటుంది, ఆ మెరుపుతో.

కొళాయి నుంచి ఒక్కొక్క చుక్కా రేకు తొట్లో పడుతోంది. మూడూ ముప్పై ఐదు. కాగితం మూలన పిచ్చుక పెన్సిలుతో రాసింది ఇప్పుడు చదివింది. అక్కా, మధ్యాహ్నం లోపు ఒక్కసారి చూసి చెప్పండి, మీరు చూస్తే నాకు ధైర్యం. పొద్దున్న తొమ్మిదింటికి పెట్టి వెళ్ళింది. తను మూడింటిదాకా దాని వంక చూడలేదు, మొహం మాడ్చుకుని, కాగితం మీద చేతి తొడుగుల డబ్బా పెట్టి మరీ. ఎందుకు చూడాలి అనుకుంది, చూస్తే బాగుంటుందేమోనని భయం. బాగుంది కూడా. ఒక్కో కొమ్మ ఎంత ఒద్దిగ్గా చీలిందో, గోరంత తప్పుతో మొదలై, ఆ తప్పుని మోసుకుంటూ రెండై, నాలుగై. చూస్తుంటే తన కుళ్ళు కూడా ఒకటేనా అనిపించింది. పెద్దాయన చెవి మళ్ళిందన్న కుళ్ళు ఒకటి, కూతురి కళ్ళ మెరుపు గురించిన కుళ్ళు ఇంకొకటి, పిచ్చుక వయసు మీద కూడా ఒకటి ఉంది, దాని గొట్టాల మీద, దాని జడ మీద. అన్నీ వేరువేరుగా కనపడతాయి, కానీ అన్నిట్లోనూ ఒకే పాత తప్పు ఉంది. అది ఎక్కడ మొదలైంది? పలక మీద. ఆరేళ్ళప్పుడు బళ్ళో పక్క పక్కన తనూ చెల్లెలూ, తన చేతిలో బలపం ఎడమ వైపు, పంతులమ్మ స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద ఒక్కటి, చెల్లెల్ని చూసి నేర్చుకో, ఎంత బుద్ధిగా రాస్తోందో. చెల్లెలి తప్పేం లేదు, అది కుడిచేత్తో పుట్టింది, అంతే. ఆ వేళ తను ఎడమ చేతిని ఒళ్ళో దాచుకుంది. ఇవాళ్టిదాకా దాస్తూనే ఉంది. దానికోసమే తలుపులు వేసుకుంది, ఈ గది తలుపు కూడా.

తలుపు. అదుగో, మళ్ళీ అక్కడికే వచ్చింది. పిచ్చుక చేరిన మొదటి వారం, అక్కా మీరు కోస్తుంటే చూడొచ్చా, అని అడిగింది, నోటుబుక్కు గుండెకి హత్తుకుని. వాసన నీకు పడదు, వెళ్ళు, అని తను తలుపు వేసేసింది. ఇంకో రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ వేసేసింది. అందుకే ఆ పిల్ల మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళింది. ఆ సంగతి కూడా పోనీ, చెయ్యి దాచుకోవడం అనుకుందాం. కానీ ఫారం వచ్చిన రోజు? ఆ మొదటి ఫారం చేతిలోకి తీసుకోగానే నంబర్లు తనకి తిరగబడి ఉన్నాయని కళ్ళు పట్టేశాయి, పట్టెయ్యవా మరి, ఇరవై రెండేళ్ళ కళ్ళు. ఒక్క క్షణం ఆగింది కూడా. అడగనీ, అడిగితే చెబుదాం, అనుకుంది. ఎవరూ అడగలేదు. టిక్కు పెట్టింది. రెండోది వచ్చింది, టిక్కు పెట్టింది. మర్చిపోయానని తనకి తనే చెప్పుకుంది. మర్చిపోయిందా? మైనం బిళ్ళ అరచేతిలో వేడెక్కి జిడ్డుగా అంటుకుంటోంది. లేదు. మర్చిపోలేదు. ఏదో ఒక రోజు ఆ పిల్ల బోర్లా పడుతుందని ఎదురు చూసింది. ఆ పడేది దర్జీ కాలు మీద అవుతుందని అనుకోలేదు, అంతే తేడా. పెద్దక్క లేచి నిలబడింది. ఏప్రాన్ విప్పబోయి, ఎడమ కఫ్ పీలికల వంక చూసి, విప్పకుండానే నడిచింది.

మెట్లు ఇరవై ఆరు. ఎక్కుతున్నంతసేపూ నోట్లో ఆ వాక్యమే ఉంది, ఆ ఫారం తప్పండి, ఇంకా ఆ వాక్యం అంటేనే ఇష్టంగా ఉంది. పై గదిలో అందరూ ఉన్నారు, ఇంకా మొదలవలేదు, పిచ్చుక తెర దగ్గర తీగలు సర్దుతోంది, ఈమెని చూసి మొహం విప్పారింది, అక్కా వచ్చారా, చూశారా, అంది.  పెద్దక్క బిళ్ళని కోత డాక్టరు ముందు పెట్టింది.

"ఇది మూడో ముక్క సార్. నేను ఎడంచేత్తో కోస్తాను."

ఎవరికీ అర్థం కాలేదు. మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది, నంబర్లు తనకి ఎటు నుంచి వస్తాయో, ఫారంలో ఎటు నుంచి ఉంటాయో, ఈ ఆరు నెలల పన్నెండు గడ్డలూ అద్దంలో బొమ్మలాగా ఎలా తిరగబడ్డాయో. ఇరవై రెండేళ్ళుగా ఎడంచేత్తోనా, అన్నాడు పెద్దాయన. అవును సార్ అంది. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపలేదు.

"ఫారం వచ్చిన రోజే చూశాను. తిరగబడిందని తెలుసు. చెప్పలేదు."

కోత డాక్టరు బిళ్ళ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నలుపే, అన్నాడు. బయటి వైపు, పొడుగు కుట్టు వైపు, అయితే నరం జోలికి వెళ్ళక్కర్లేదు, కాలికి ఢోకా లేదు, అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. పెద్దక్క వెనక్కి నడిచి తలుపు పక్క గోడకి ఆనుకుంది. పిచ్చుక గబగబా కంప్యూటర్ దగ్గరికి పోయి ఒక్క వేలితో గడ్డ బొమ్మని అటుది ఇటు తిప్పింది. ఆపరేషనుకి ముందు తీసిన స్కానులో జోరుగా పెరుగుతున్న చోటు బయటి వైపు వెలిగిందట, చెట్టేమో లోపలి వైపు అంటోందట, మూడు వారాలుగా తన లెక్కే తప్పనుకుని ఆ పిల్ల నిద్ర మానేసిందట, ఎవరికి చెప్పాలో తెలియలేదట. ఇప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. అందరూ కుర్చీల్లోంచి లేచి తెర చుట్టూ మూగారు. పెద్దాయన వంగి చూస్తూ, అబ్బ, ఎంత బాగా వచ్చింది, అన్నాడు. చెట్టుని చూసి అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దక్క వంక ఎవరూ చూడలేదు, ఆ కుళ్ళు ఆమెలో మళ్ళీ మొదలైంది, ఏమీ మారలేదు, దాని వంశం దానికుంది.

ఆమె వెనక్కి తిరిగి సగం మెట్లు దిగేసరికి పైనుంచి ఆ గెంతుడు వినపడింది. పిచ్చుక రెండు మెట్లు పైనే ఆగింది. అరుస్తుందనుకుంది పెద్దక్క, అరిస్తే బాగుండుననుకుంది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిగతా పదకొండూ తిప్పాలక్కా, అంది చివరికి. రేపు మీరు కోసేటప్పుడు నేను పక్కన నిలబడాలి, అంది, ఈసారి నిలబడొచ్చా అని అడగలేదు. పెద్దక్క తలూపింది. పిచ్చుక వెళ్ళబోయి ఆగింది.

"మీ అమ్మాయి కూడా చూస్తానంటుందక్కా, ఎప్పట్నుంచో. అమ్మ రానివ్వదు, నువ్వు అడుగు, అంటుంది. నాకే భయమేసి అడగలేదు."

పెద్దక్క రెయిలింగు పట్టుకుంది. నా కూతురి మాట నీ నోట వినాల్సి వచ్చిందా, అనుకుంది, ఇన్నేళ్ళ కుళ్ళంతా ఆ ఒక్క మాటలోకి వచ్చి నిలబడింది. ముక్కు మూసుకున్న పదేళ్ళ పిల్లనే ఇంకా చూస్తున్న తల్లికి ఈ పిల్లే చెప్పాలి.  కింద గదిలో కొళాయి చుక్కలు వినపడుతున్నాయి.

"ఎనిమిదింటికల్లా ఇద్దరూ రండి," అంది. "ఆ జడలు ముడేసుకుని రండి, గడ్డలో పడతాయి."